తాటికాయ బండికి ఇరుసు ఏ కర్రతో వేసేవాళ్ళు?

బందరుబాబు
అందరికీ నమస్కారం. మే నెలలో పిల్లలిద్దర్నీ తీసుకుని ఊరెళ్తున్నాను. ముంజలు తిన్నాక ఆ బుర్రలతో బండి చేసి ఇద్దామని ఉంది. ట్యాబ్ మాన్పించాలన్న పెద్ద ఆశయాలేమీ లేవు, సరదా నాకే పుట్టింది. చిక్కేంటంటే, మా ఇంట్లో బండి చేసేది ఎప్పుడూ అన్నయ్యే, నేను తోసేవాణ్ణి. ఇరుసు ఏ కర్రతో వేసేవాడో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. అన్నయ్యని అడిగితే "అక్కడేం దొరికితే అది" అంటాడు. మీరెవరైనా సరిగ్గా చెప్తారా? పనిలో పనిగా, మీ ఊళ్ళో కొనకుండా చేసుకున్న ఆటసామాన్లు ఏమున్నాయో కూడా రాయండి.

గోదారిగట్టు
బాబూ, మీ అన్నయ్య చెప్పింది నిజమే గానీ సగమే. దొరికిందల్లా పనికిరాదు. కందికట్టె వేశారో, వీధి చివరికి వెళ్ళేలోపు విరుగుతుంది. పచ్చి వేపకొమ్మ గానీ తుమ్మకొమ్మ గానీ బొటనవేలంత లావుది తీసుకోండి. మూరెడు పొడవు చాలు. రెండు కొసలూ చెక్కి మొన తీయాలి.

అసలు కిటుకు బుర్ర దగ్గరుంది. ముంజలు తీసేశాక మూడు కళ్ళు కనబడతాయి కదా, ఆ మూడింటికీ సరిగ్గా మధ్యలో కర్ర దిగాలి. కాస్త పక్కకి పోయినా బండి కుంటుతుంది. రెండు బుర్రలూ ఒకే సైజులో ఉండాలి, లేకపోతే ఎటు తోసినా చిన్న బుర్ర వైపే తిరుగుతుంది. ఇక తోసే పంగలకర్ర మీ పెద్దవాడి భుజం ఎత్తుంటే సరిపోతుంది. పంగ ఇరుసు మీద కూర్చునే చోట కాస్త ఆముదం రాయండి. మేం ఇంట్లో అడక్కుండానే రాసేవాళ్ళం.

సంకురాత్రి
ఆముదమా! మా ఊళ్ళో తాటిబుర్ర జిగురే చాలనేవాళ్ళు. అయినా ఇరుసు తిరగాలా, బుర్రలు తిరగాలా? మా బండికి ఇరుసు కదిలేది కాదు, బుర్రలే దాని మీద గిరగిరా తిరిగేవి.

గోదారిగట్టు
అలా తిరిగిందంటే కన్నం వదులైపోయిందని అర్థం 🙂 బిగువుగా కొడితే ఇరుసు, బుర్రలు కలిసే తిరుగుతాయి, రాపిడంతా పంగ దగ్గరే ఉంటుంది. అందుకే ఆముదం. కాకపోతే కలిసి తిరిగే బండిని మలుపు తిప్పడం కష్టం. ఒక వైపు కాస్త ఎత్తి తిప్పాలి. బుర్రలు ఎండి కుదించుకుపోయే కొద్దీ కన్నం వదులై మీరన్నట్టే తిరుగుతాయి. ఆ తర్వాత ఒక రోజో రెండ్రోజులో, అంతే. మళ్ళీ ముంజలు తినాలి, మళ్ళీ బండి కట్టాలి.

పాలమూరు పిలగాడు
మా దిక్కు తాటిచెట్లకు కొదవలేదు కానీ, మాకు పిచ్చి మాత్రం సొప్పబెండు మీదనే. జొన్న కోతలైనంక ఎండిన దంట్లు ఎన్ని కావాలంటే అన్ని. పైతొక్క పండ్లతో చీలిస్తే సన్నటి పేళ్ళు వస్తయి, లోపల మెత్తటి బెండు. బెండును ముక్కలు కోసి, పేళ్ళను సూదుల లెక్క గుచ్చి కలిపితే ఏదైనా తయారయితది. ఎద్దులబండి, నాగలి, మంచం, కళ్ళద్దాలు. జిగురు లేదు, మేకు లేదు. బండికి చక్రాలు బెండు బిళ్ళలే.

పేళ్ళకు అంచు బ్లేడు కంటే పదును, పెదవులు తెగేవి. తొక్క పండ్లతోనే చీల్చాలె మరి, చాకు ఇంట్లో ఇయ్యరు. బడికి కళ్ళద్దాలు పెట్టుకపోతే సారు ముందుగాల నవ్విండు, తర్వాత చెవి మెలిపెట్టిండు.

సీమరేగుపండు
పిలగాడన్నా, మా అనంతపురం పక్క కూడా ఇదే. కళ్ళద్దాలు చేయనోడు లేడు. ఇంకొకటి మట్టి ఎద్దులు. చెరువులో బంకమట్టి తెచ్చి, ఎద్దు జత చేసి, కొమ్ములకు పుల్లలు గుచ్చి, నీడలో ఆరబెట్టేది. ఎండలో పెడితే పగుళ్ళొస్తాయి. నీళ్ళు తక్కువున్న ఏడు చెరువు అడుగు తేలితే పెద్దోళ్ళు దిగులుపడేవాళ్ళు, మాకు మాత్రం మంచి మట్టి దొరికేది.

మట్టి ట్రాక్టరు కూడా చేసినాం. ఊళ్ళోకి మొదటి ట్రాక్టరు వచ్చిన నెలకే ఎద్దులు చేసేది తగ్గిపోయి అందరూ ట్రాక్టర్ల మీద పడినారు. ఆ రోజుల్లో పిల్లలకు పాతదంటే ప్రేమ అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మేమూ కొత్త వస్తువు వెనకే పరిగెత్తినోళ్ళం. కొనలేం గనక చేసుకునేటోళ్ళం.

బందరుబాబు
గోదారిగట్టు గారూ, మూడు కళ్ళ మధ్య అన్న మాట బంగారం. సీమరేగుపండు గారి ట్రాక్టరు మాటకి నవ్వాగట్లేదు. ఇంకా రాయండి అందరూ.

లక్కపిడత
ఇంతవరకూ రాసినవన్నీ మగపిల్లల ఆటలే, గమనించారా? తోసే బండి, ఎద్దులు, ట్రాక్టర్లు. వీధి వాళ్ళది, అరుగు మాది. మాకు లక్కపిడతలుండేవి. ఎర్రగా, పచ్చగా మెరిసే చెక్క గిన్నెలు, తిరగలి, రోలూ రోకలీ, కుంపటి, బిందె, వేలెడంత చెంబు. తీర్థంలో అమ్మ కొనిచ్చేది. గుజ్జనగూళ్ళంటే అటుకులు, బెల్లం, వేయించిన శనగపప్పు కలిపి ఆ గిన్నెల్లో "వండి" అందరికీ పెట్టడం. మా అన్న, వాడి జట్టు బొంగరాలాడి వచ్చి తినేసి పోయేవాళ్ళు. గిన్నెలు కడిగేది మేమే. ఆటలో కూడా!

అలాగని నాకు వాటి మీద కోపం లేదు. తిరగలి నిజంగా తిరిగేది. బియ్యం గింజలు వేస్తే నలిగేవి కాదు గానీ శబ్దం వచ్చేది. ఆ సెట్టు ఇప్పటికీ నా దగ్గరుంది. రెండు మూతలు పోయాయి, అంతే. మా అమ్మాయి దాన్ని షోకేసులో పెట్టమంటుంది, నేను పెట్టనివ్వను.

బొంగరం మాత్రం నేనూ తిప్పాను. మామయ్యగారి దొడ్లో, ఎవరూ చూడకుండా. తాడు ములికి దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలని నేర్పింది కూడా మా పిన్నే.

వరాహఒడ్డు
లక్కపిడత అక్కా, మీ గిన్నెలు మావే అయ్యుండొచ్చు! మాది లక్కబొమ్మల ఏటికొప్పాక పక్క ఊరు. మా తాతల కాలంలో తరిణిని, అంటే చెక్కేటప్పుడు కర్రని గుండ్రంగా తిప్పే సాధనాన్ని, చేత్తోనే తిప్పేవారు. ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. ఇప్పుడు మోటార్లు వచ్చాయి. కర్ర మాత్రం అదే అంకుడు, మెత్తగా ఉంటుంది, ఉలి బాగా దిగుతుంది. లక్క పూయడాన్ని రంగెయ్యడం అనుకుంటారు చాలామంది. బ్రష్షే ఉండదు. బొమ్మ తరిణి మీద తిరుగుతుండగానే రంగు లక్క పుల్లని దానికి ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు వస్తుంది.

మధ్యలో కొన్నాళ్ళు రసాయన రంగులు వచ్చాయి. మళ్ళీ పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల లాంటి వాటి రంగులకి తిప్పడానికి సి.వి.రాజు గారు చాలా పనిచేశారు. 2023లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 2017లో మా బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం కూడా ఏటికొప్పాక బొమ్మలదే.

ఇక్కడ నాకో బాధ ఉంది. ఈ చర్చలో అందరూ "మేం కొనలేదు, చేసుకున్నాం" అని గొప్పగా రాస్తున్నారు. మంచిదే. కానీ బొమ్మలు చేసి అమ్ముకుని బతికిన ఊళ్ళు కూడా ఉన్నాయండీ. అందరూ సొప్పబెండుతోనే సరిపెట్టుకుని ఉంటే మా వాళ్ళు ఏం తినేవారు?

పాలమూరు పిలగాడు
అన్నా, కోపం చేసుకోకు. పైసలుంటే మేమూ కొందుము 😄

బెజవాడ ఎండ
వరాహఒడ్డు గారి మాటకి తోడుగా మా పక్క కొండపల్లి. అక్కడ తెల్లపొణికి కర్ర. చేతులు, తల, మొండెం విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. కర్రే తేలికది, అందుకే బొమ్మలూ అంత తేలిక. ఒక్క మాట నిజం చెప్పుకోవాలి. మా ఇంట్లో కొండపల్లి బొమ్మతో మమ్మల్ని ఎన్నడూ ఆడుకోనివ్వలేదు. అంబారీ ఏనుగు, కల్లు గీసేవాడు, దశావతారాలు, అన్నీ సంక్రాంతి బొమ్మల కొలువుకి మెట్ల మీద ఎక్కి, పండగ వెళ్ళాక పాత చీరల్లో చుట్టుకుని ట్రంకు పెట్టెలోకి పోయేవి. చెయ్యి వేస్తే బామ్మ చూపుకే చచ్చేవాళ్ళం. అవి పెద్దవాళ్ళ బొమ్మలు. మా బొమ్మలు దొడ్లో ఉండేవి.

పాతటాకీస్
ఇన్ని రాశారు, ఒక్కరూ సినిమా ఆట ఎత్తలేదేం? మా వీధిలో వేసవి సెలవులంటే అదే. టూరింగ్ టాకీస్ ఆపరేటరు పారేసిన ఫిల్ము ముక్కలు చేతులు మారి మా దాకా వచ్చేవి. హీరో మొహం ఉన్న ముక్కకి ఒక రేటు, ఫైటింగ్ ముక్కకి ఇంకో రేటు, పేర్లు పడే ముక్క ఊరికే ఇచ్చినా ఎవడూ తీసుకోడు. డబ్బులకి బదులు గోళీలిచ్చేవాళ్ళం.

గది తలుపులూ కిటికీలూ మూసి చీకటి చెయ్యాలి. బయట ఎండలో ఒకడు అద్దం పట్టుకుని, తలుపు సందులోంచి వెలుతురు లోపలికి పంపుతాడు. లోపల ఆ వెలుతురుకి అడ్డంగా ఫిల్ము, దాని ముందు నీళ్ళు నింపిన బల్బు. మాడిపోయిన పాత బల్బు అడుగున మూతి తీసేసి, లోపలి తీగలు జాగ్రత్తగా లాగేసి నీళ్ళు పోస్తే అదే భూతద్దం. ఎదురుగా గోడ మీద నాన్న పంచె. బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి ఫిల్ముని తలకిందులుగా పెట్టాలి. ఇది మాకెవరూ చెప్పలేదు, రెండు చూపుల్లో తెలిసిపోయింది. కాంతి పాఠం బడిలో వచ్చేసరికి మాకు కొత్తేమీ లేదు.

పెద్ద గొడవ అద్దం దగ్గరే. సూర్యుడు కదులుతుంటాడు కాబట్టి అద్దం తిప్పుతూనే ఉండాలి. పట్టుకున్నవాడికి సినిమా కనబడదు. వంతులు.

తిరకాసు
అందరూ తీపి జ్ఞాపకాలే రాస్తున్నారు కాబట్టి చేదు నేను రాస్తా. మా వీధిలో బిళ్ళంగోడు ఆడుతూ బిళ్ళ తగిలి ఒకడికి కన్ను పోయింది. జీవితాంతం అంతే. బల్బు పగలగొట్టడం, మొన తీసిన పుల్లలు, గాజుపొడి మాంజా, ఇవన్నీ ఇప్పటి పిల్లల చేతిలో పెడితే మీరే పోలీసుల్ని పిలుస్తారు. మన రోజులు గొప్పవి అనేవాళ్ళంతా బతికి బట్టకట్టినవాళ్ళే. ఇంకో ముక్క: ఆ బండిని నిజంగా ఇష్టపడ్డామా, వేరే దిక్కులేక ఆడామా? ఆ రోజు ఒక్కడి చేతిలో వీడియో గేమ్ పెట్టి ఉంటే తాటిబుర్రని ఎవడైనా ముట్టుకునేవాడా?

సీమరేగుపండు
నా ట్రాక్టరు కథ నీకు సాక్ష్యంగా ఇచ్చేస్తున్నా తిరకాసన్నా. ముట్టుకునేటోడు కాదు.

లక్కపిడత
నేను పూర్తిగా ఒప్పుకోను. మా అమ్మాయికి వీడియో గేమూ ఉంది, లక్కపిడతలూ ఉన్నాయి. గేమ్‌లో ఆమె ఆడేది గేమ్ రాసినవాడు అనుకున్న ఆటే. గిన్నెలు పట్టుకుంటే ఓ రోజు హోటల్, ఓ రోజు ఆస్పత్రి, మొన్న కోర్టు. తిరగలి జడ్జిగారట. అది ఏమవ్వాలో దాని మీద ఎక్కడా రాసిలేదు కదా, అందుకని. దెబ్బల సంగతి మాత్రం మీరన్నది నిజం తిరకాసు గారూ. దాన్ని కాదనను.

ధూల్‌పేట మాంజా
మాంజా పేరెత్తారు కాబట్టి వచ్చాను. పాతబస్తీ వాణ్ణి, చిన్నప్పుడు పతంగులు ఎగరేయడమే కాదు, మాంజా రుద్దడం చూస్తూ పెరిగినవాణ్ణి. రెండు కర్రలు పాతి మధ్య నూలు దారం బారులు తీసి, అన్నం గంజి, రంగు, గాజుపొడి కలిపిన ముద్దతో రుద్దుతారు. రుద్దేవాళ్ళ వేళ్ళకి గుడ్డ చుట్టుకుని ఉంటుంది, అయినా తెగుతూనే ఉంటాయి. దారం చుట్టే చరఖాకి మొదట సద్ది, అంటే గాజు రుద్దని వట్టి దారం, చివర పతంగి వైపు మాంజా కట్టేవాళ్ళం, డబ్బు మిగలాలని. పేంచ్‌లో ఎదుటోడి పతంగి తెగితే "అఫా!" అని మేడలన్నీ అరిచేవి.

కానీ ఆ మాంజా వేరు, ఇప్పుడు చైనా మాంజా అంటున్నది వేరు. ఇది నైలాన్, తెగదు. బైకు మీద వెళ్ళేవాళ్ళ గొంతులు కోస్తోంది, పక్షులు చెట్లకి వేలాడుతున్నాయి. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది. అయినా ప్రతి సంక్రాంతికి ఏదో ఒక చోట వార్త వస్తూనే ఉంది. పిల్లలకి పతంగి ఇవ్వాలంటే వట్టి సద్ది కట్టివ్వండి. పేంచ్ ఉండదు, ఎగరడమైతే ఎగురుతుంది.

సంకురాత్రి
మా కృష్ణా జిల్లాలో దాన్ని గాలిపటం అనే అంటాం, పేంచ్‌లూ గీంచ్‌లూ తక్కువ. న్యూస్‌పేపరు, చీపురు పుల్లలు, అన్నం మెతుకులు. తోక బరువెక్కువైతే లేవదు, తక్కువైతే గుండ్రంగా తిరిగి నేలకి గుద్దుకుంటుంది. అమ్మ పాత చీర అంచు చింపి తోక కట్టి తన్నులు తిన్న బ్యాచ్ మేము.

గోదారిగట్టు
తీర్థాల్లో కొన్న వాటి గురించి కూడా రాయండయ్యా, వరాహఒడ్డు గారి మనసు కుదుటపడుతుంది. అంతర్వేది తీర్థంలో నాకు ఎప్పుడూ రేకు పడవే కావాలి. చిన్న వత్తి వెలిగించి లోపల పెడితే నీళ్ళ తొట్టిలో టకటకటక అంటూ పోయేది. దాన్లో మోటారు లేదు, స్ప్రింగు లేదు. లోపలి రేకు డబ్బాలో నీళ్ళు ఆవిరై వెనక గొట్టాల్లోంచి నీటిని తోసేస్తాయి, ఆవిరి చల్లబడగానే మళ్ళీ నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది. మరి పీల్చుకుంటే వెనక్కి పోవాలి కదా? పోదు. తోసేటప్పుడు నీళ్ళు ఒకే దిక్కుకి ధారగా పోతాయి, పీల్చేటప్పుడు అన్ని వైపులనుంచీ వస్తాయి. అందుకని ముందుకే. ఇది నాకు ఇంజనీరింగ్ అయ్యాక గానీ అర్థం కాలేదు. ఆ రోజుల్లో తీర్థంలో అడిగితే అమ్మేవాడు "దేవుడి మహిమ" అన్నాడు.

కర్రకి చుట్టిన సాగుడు మిఠాయితో చేతికి వాచీ చేసి పెట్టేవాడు గుర్తున్నాడా? కర్ర పైన చప్పట్లు కొట్టే బొమ్మ ఉండేది. టైము చూసుకుంటూ ఇంటికొచ్చేసరికి వాచీ సగం కడుపులోనే.

పాలమూరు పిలగాడు
గోలీల ముచ్చట ఎవరూ తీయలే. గోలీసోడా సీసా పగిలితే అందులో గోలీ కోసం కొట్లాట. ఆ సీసా 1872లో కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంట్ చేసిండట. ఆయనకు తెలిస్తే సంతోషపడునో బాధపడునో, మేం సోడా కంటే గోలీ కోసమే తాగినం. సోడా గోలీ అద్దం లెక్క ఉంటది, పూలు ఉండవు, కానీ గట్టిది. దాంతో కొడితే దుకాణం గోలీ పలిగేది. అందుకే ఆటలో కొందరు దాన్ని ఒప్పుకునేటోళ్ళు కాదు.

బెజవాడ ఎండ
ఎవరైనా ఇప్పుడు చెక్క బొమ్మలు కొనాలంటే ఒక మాట. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. నమోదైన చేతివృత్తులవాళ్ళ బొమ్మలకి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది. కాబట్టి ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మ మీద మార్కు లేదని అనుమానపడక్కర్లేదు. అయితే చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు కదా, ఏ రంగులు వేశారో అడిగే కొనండి. సహజ రంగులైతే వాళ్ళే గొప్పగా చెప్తారు.

వరాహఒడ్డు
ధన్యవాదాలండీ. చెప్పకపోతే నిలదీయండి, మొహమాటపడకండి.

బందరుబాబు
పాతటాకీస్ గారూ, మీ దగ్గర నాకు పని పడింది. సినిమా ఆట సంగతి ఫోన్లో చెప్తే మా పెద్దవాడు బండి కంటే దాని మీదే ఎగిరాడు. ఇప్పుడు ఫిల్ము ముక్కలెక్కడ దొరుకుతాయి? హాళ్ళన్నీ డిజిటల్ అయిపోయాయి. పైగా ఇంట్లో ఉన్నవన్నీ ఎల్ఈడీ బల్బులే.

పాతటాకీస్
ఎల్ఈడీ బల్బు పనికిరాదు బాబూ. దాని పైభాగం మసక ప్లాస్టిక్. బల్బు పగలగొట్టే పని కూడా పెట్టుకోవద్దు, తిరకాసు గారు ఊరుకోరు. బంతిలా గుండ్రంగా ఉన్న చిన్న గాజు సీసా ఏదైనా సరే, పారదర్శకంగా ఉండాలి. అంచుదాకా నీళ్ళు నింపి మూత బిగించండి. లోపల గాలిబుడగ మిగిలితే బొమ్మ సరిగ్గా పడదు.

ఫిల్ముకి బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కత్తిరించి, సన్న స్కెచ్ పెన్నులతో పిల్లల చేతే గీయించండి. అగ్గిపెట్టెలో సగం కంటే పెద్దది వద్దు. సీసా గాజుకి అంగుళంన్నర దూరంలో పట్టుకుని కొంచెం ముందుకీ వెనక్కీ జరిపితే ఓ చోట గోడ మీద బొమ్మ స్పష్టంగా పడుతుంది. సీసా పెద్దదైతే ఆ దూరమూ పెరుగుతుంది. గోడ నాలుగైదు అడుగుల దూరంలో ఉంటే మొదటిసారికి చాలు. అద్దంలోకి గానీ సీసాలోంచి గానీ సూర్యుణ్ణి చూడకూడదని ముందే గట్టిగా చెప్పండి. ఆట అయ్యాక ఆ సీసాని ఎండలో వదిలేయకండి, కాగితం అంటుకుంటుంది.

బందరుబాబు
అర్థమైంది. అద్దం ఎవరు పట్టుకుంటారన్నదే ఇప్పుడు మా ఇంట్లో సమస్య.

పాతటాకీస్
చిన్నమ్మాయికి ఇవ్వండి, కానీ జీతం ముందే మాట్లాడుకోండి. మా చెల్లెలు హీరో ఎంట్రీ దగ్గర అద్దం కింద పెట్టేసి జీడి ఇస్తేనే ఎత్తుతానని కూర్చునేది.